పెట్రోల్ ట్యాంకును తినేది దానిలోని ఖాళీయే

పాత అంబాసిడర్ కాసేపు బాగానే పోయి, స్పీడు పెంచగానే తడబడి ఆగిపోయి, పది నిమిషాల తర్వాత ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్టవుతోందా? కార్బురేటర్ విప్పేముందు ట్యాంకు చూడండి. ఇంజిన్ పెట్రోల్ లాగేటప్పుడు తుప్పు పొలుసులు పైపు మూతికి అతుక్కుంటాయి, ఇంజిన్ ఆగితే రాలిపోతాయి.

పెట్రోల్ ఉన్నచోట తుప్పేంటి అనిపిస్తుంది. తప్పు పెట్రోల్‌ది కాదు, దానిపైన మిగిలిన ఖాళీది. సగం నిండిన ట్యాంకు పగలు వేడికి గాలిని బయటికి వదిలి, రాత్రి చల్లబడ్డాక బయటి గాలిని పీల్చుకుంటుంది. సముద్రం ఒడ్డున కొత్తపట్నం లాంటి ఊళ్లలో ఆ గాలి నిండా తేమే. అది రేకు లోపలివైపు బొట్లు కట్టి కిందికి జారుతుంది, పెట్రోల్ లీటరు బరువు సుమారు ముప్పావు కిలోయే కాబట్టి నీళ్లు అడుక్కి చేరి అక్కడే ఉండిపోతాయి. ఇక ఇస్కపల్లి ఉప్పు మడుల దగ్గర తిరిగే కారుకైతే బయటినుంచీ దెబ్బే. తుప్పు పట్టడమంటే ఇనుము మీద జరిగే చిన్న విద్యుత్ రసాయన చర్య, ఉప్పు తేమను పట్టి ఉంచి ఆ కరెంటుకు దారి ఇస్తుంది.

2023 నుంచి బంకుల్లోకి వచ్చిన 20 శాతం ఇథనాల్ పెట్రోల్ ఇంకో చిక్కు. ఇథనాల్ నీటిని తనలో కలుపుకుంటుంది, నీరు హద్దు దాటితే రెండూ పెట్రోల్ నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. నెలల తరబడి కదలని కారుకు ఇది మంచిది కాదు.

చిల్లు పడితే చాలామంది ముందు అడిగేది వెల్డింగ్. దయచేసి వద్దు. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా పెట్రోల్ అంటుకునేంత ఆవిరి వదులుతుంది, గాలిలో ఆ ఆవిరి 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు. నిండు ట్యాంకులో ఆవిరి ఆ హద్దును దాటేసి ఉంటుంది, ఖాళీ చేసిన ట్యాంకే సరిగ్గా ఆ మధ్యలోకి వస్తుంది. నీళ్లతో కడిగినా తుప్పు పొరల్లో, అతుకుల్లో పెట్రోల్ దాగి ఉంటుంది. బాత్రూమ్ యాసిడ్ పోయడమూ నాకు నచ్చదు, అది తుప్పుతో పాటు మంచి రేకునీ తినేస్తుంది, కడిగిన కొద్ది గంటల్లోనే మళ్లీ ఎర్రబడుతుంది. ఫాస్ఫారిక్ యాసిడ్ నయం, ఇనుము మీద ఫాస్ఫేట్ పొర వదులుతుంది. అయితే రేకు పలచబడి సూది బెజ్జాలు పడ్డాక ఏ మందూ పనిచేయదు, ట్యాంకు మార్చాల్సిందే.

అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగింది కాబట్టి పాత స్టాకు వెతకాలి, లేదా కొత్తగా చేయించాలి. చేయిస్తే లోపల అడ్డ రేకులు తప్పక పెట్టించండి, లేకపోతే మలుపుల్లో పెట్రోల్ అంతా ఒక పక్కకు పోతుంది. పాతది దించేటప్పుడు ముందు బ్యాటరీ వైరు తీసేయండి, పని ఆరుబయట చేయించండి, పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి మూసిన షెడ్డులో నేలబారుగా నిలిచిపోతుంది. రబ్బరు పైపులు, ఫిల్టరు కూడా మార్చండి, గాలి గొట్టం మూసుకుపోలేదని చూసుకోండి. అంతా బిగించాక గేజి ముల్లు కదలకపోతే కంగారు వద్దు, పాత కార్లలో చాలావాటికి గేజి ఎర్త్ ట్యాంకు గుండానే వెళుతుంది, బోల్టు కింద కొత్త పెయింట్ కాస్త గీకి చూడండి.