దడి దూరి వచ్చిన కణాలు

"మూత్రం రంగు మామూలుగానే ఉంది. మంట లేదు, నొప్పి లేదు. హెల్త్ చెకప్ రిపోర్టులో మాత్రం 'బ్లడ్ 2 ప్లస్' అని ఉంది. ల్యాబ్ వాళ్లు పొరబడ్డారా?" ఒక పాఠకుడి ప్రశ్న ఇది. టెన్షన్ పడుతూ రాసినట్టే ఉంది.

పొరబడి ఉండకపోవచ్చు. లీటరు మూత్రంలో ఒక్క మిల్లీలీటరు రక్తం కలిస్తే చాలు, రంగు మారుతుంది. ఆ మిల్లీలీటరులో ఉండే ఎర్రకణాలు దాదాపు 500 కోట్లు! అంతకన్నా బాగా తక్కువుంటే మన కంటికి ఆనవు, పరీక్ష స్ట్రిప్‌కు దొరుకుతాయి. తమాషా ఏమిటంటే, స్ట్రిప్ చూసేది కణాలను కాదు. దాని గడిలో ఒక పెరాక్సైడు, ఒక రంగు పదార్థం ఉంటాయి. ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌లో హీమ్ అనే భాగం ఉంటుంది. అందులోని ఇనుము తగలగానే పెరాక్సైడు విడిపోయి, రంగు పదార్థం ఆక్సీకరణం చెంది ఆకుపచ్చగా మారుతుంది. కండరాలు చితికినప్పుడు వచ్చే మయోగ్లోబిన్‌లోనూ హీమ్ ఉంది కాబట్టి దానికీ అదే రంగు. విటమిన్ సి బిళ్లలు ఎక్కువ మింగినవాళ్లలో రక్తం ఉన్నా రంగు రాకపోవచ్చు. అందుకే మైక్రోస్కోపు కావాలి. 400 రెట్లు పెద్దగా చూసినప్పుడు ఒక్కో ఫీల్డులో, అంటే ఒకసారికి కంటికి కనిపించే మేరలో, 3 కణాలైనా ఉంటేనే లెక్కలోకి తీసుకుంటారు.

నాకు ఆసక్తి ఆ కణాల లెక్క మీద కన్నా వాటి వాలకం మీద. బడిలో కిడ్నీని జల్లెడ అని చెప్పి వదిలేస్తారు. జల్లెడలోంచి గింజ పడితే పడుతుంది, లేకపోతే పైనే ఉంటుంది. ఎర్రకణం అలా కాదు, నలిగి మరీ వస్తుంది. ముళ్లదడి అనుకోండి. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల గ్లోమెరులస్‌లు, అంటే రక్తాన్ని వడగట్టే సన్నటి రక్తనాళాల ఉండలు, ఉంటాయి. రోజుకు 180 లీటర్ల ద్రవం వాటి దడి దాటుతుంది, కణాలు మాత్రం ఇవతలే ఆగాలి. దడిలో ఎక్కడో కంత పడితే, 7-8 మైక్రాన్ల వెడల్పున్న కణం అందులోంచి ఒళ్లు చీరుకుంటూ దూరుతుంది. అక్కడితో అయిపోదు. ముందున్న సన్నటి గొట్టాల్లో ఉప్పు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. చిరిగిన చొక్కా తడిసి, ఆరి, ముడుచుకుపోయినట్టు కణం ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. చివరికి ఒంటి మీద బుడిపెలతో, చెవులు మొలిచినట్టు కనిపిస్తుంది. మూత్రాశయంలోనో మూత్రనాళంలోనో కారిన రక్తమైతే వీధి వాకిట్లోంచి వచ్చినట్టే, చొక్కా నలగదు, కణాలు గుండ్రంగా ఉంటాయి. ఈ తేడాతో రక్తం ఎక్కడిదో చెప్పొచ్చని 1979లో బర్చ్, ఫెయిర్లీ అనే పరిశోధకులు లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. కొన్ని కణాలు గొట్టంలోనే యూరోమాడ్యులిన్ అనే ప్రోటీన్ జిగురులో ఇరుక్కుని, గొట్టం ఆకారంలో అచ్చు పోసినట్టు బయటికొస్తాయి. అవి కనిపిస్తే రక్తం కిడ్నీదేనని దాదాపు ఖాయం.

నలిగిన కణాలతో పాటు ప్రోటీనూ పోతుంటే, బీపీయో, రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థమో పెరిగి ఉంటే కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. గుండ్రటి కణాలకు ఇన్‌ఫెక్షన్, రాయి, ప్రోస్టేట్ వంటి కారణాలు ఎక్కువ. అయితే వయసు మళ్లినవాళ్లు, పొగతాగేవాళ్లు నొప్పి లేదు కదా అని ఊరుకోకూడదు. మూత్రాశయ క్యాన్సర్ చాలాసార్లు నొప్పి లేకుండానే మొదలవుతుంది. రక్తం పలచబడే మందులు వాడుతున్నా నెపం వాటి మీదికి నెట్టేయకుండా పరీక్షలు చేయించాలి. నెలసరి రోజుల్లో, బాగా దూరం పరుగెత్తిన మర్నాడు ఇచ్చిన శాంపిల్ అయితే మళ్లీ ఇవ్వాల్సిందే.

ఈసారి శాంపిల్ ల్యాబ్‌లోనే ఇవ్వండి. గంటల తరబడి నిలవున్న పలచటి మూత్రంలో కణాలు పగిలిపోతాయి. అప్పుడు స్ట్రిప్ ఆకుపచ్చగానే మారుతుంది, మైక్రోస్కోపు కింద మాత్రం ఒక్క కణమూ కనిపించదు.