పొత్తులు కట్టేవాళ్లు రోజూ వినే అపోహలు

వేర్వేరు సంఘాలను కలిపి ఉమ్మడి వేదికలు కట్టడమే నా పని. ఈ అపోహల్లో కొన్నిటిని ఒకప్పుడు నేనూ నమ్మాను.

అపోహ: "మనం, వాళ్లు" అనే గీత పాత పగల వల్లే పడుతుంది.

వాస్తవం: దానికి పగ అక్కర్లేదు. 1970 ప్రాంతంలో హెన్రీ తాజ్‌ఫెల్ అనే మనస్తత్వవేత్త ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో కొందరు బడిపిల్లలను రెండు జట్లు చేశాడు. వారికి ఏ చిత్రకారుడి బొమ్మలు నచ్చాయో దాన్ని బట్టి విడదీశామన్నాడు. నిజానికి ఏ లెక్కా లేదు. తమ జట్టులో ఎవరున్నారో కూడా పిల్లలకు తెలియదు. అయినా డబ్బులు పంచమంటే సొంత జట్టువైపే మొగ్గారు. తమకు కాస్త తగ్గినా సరే, అవతలి జట్టుకన్నా ఎక్కువ ఉంటే చాలనుకున్నారు! కరపత్రం మీద ఏ సంఘం పేరు ముందుండాలని రాత్రి పొద్దుపోయేదాకా వాదించుకునే పెద్దవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ పిల్లలే గుర్తుకొస్తారు.

అపోహ: అన్నిటిలో ఏకాభిప్రాయం కుదిరాకే కలవాలి.

వాస్తవం: అలాగైతే ఎప్పటికీ కలవలేం. చిలీలో సైనిక నియంత పినోచెట్ పాలనను మరో ఎనిమిదేళ్లు పొడిగించాలా అని 1988 అక్టోబరు 5న ప్రజలను అడిగారు. 'వద్దు' అన్న కూటమిలో సోషలిస్టులూ, 1973లో సోషలిస్టు అధ్యక్షుడు అయెందేను గట్టిగా వ్యతిరేకించిన క్రిస్టియన్ డెమోక్రాట్లూ ఉన్నారు. ఓటరును అడిగింది మాత్రం ఒక్కటే. 'వద్దు'కు దాదాపు 56 శాతం ఓట్లు పడ్డాయి.

అపోహ: ఉమ్మడి ప్రత్యర్థి ఉంటే చాలు.

వాస్తవం: గెలిచేదాకా చాలు. ఎమర్జెన్సీ తర్వాత 1977లో గెలిచిన జనతా పార్టీ 1979లోనే చీలింది. జనసంఘ్ నుంచి వచ్చినవారు ఆర్‌ఎస్‌ఎస్‌లో కొనసాగవచ్చా అన్న ద్వంద్వ సభ్యత్వ వివాదం అందుకు ఒక కారణం. అందుకే మేం మొదటి సమావేశంలోనే రెండు కాగితాలు రాస్తాం. కలిసి అడిగేవి ఒకదాని మీద, ఎవరి దారి వారిదే అనుకున్నవి రెండోదాని మీద. రెండోది రాయడానికి అందరికీ మొహమాటమే. నేను మాత్రం దాని కోసమే పట్టుబడతాను.

అపోహ: ఇతరులతో కలిస్తే మన జెండా మాసిపోతుంది.

వాస్తవం: బ్రిటన్‌లో 1984-85 గని కార్మికుల సమ్మెకు లండన్‌లోని గే, లెస్బియన్ కార్యకర్తలు తమ పేరు దాచుకోకుండానే చందాలు పోగుచేశారు. 1985లో లండన్‌లో జరిగిన ప్రైడ్ అనే గే, లెస్బియన్ల హక్కుల ఊరేగింపుకు గని కార్మికులు తమ యూనియన్ బ్యానర్లతోనే వచ్చి ముందు నడిచారు. ఎవరి జెండా వారి చేతిలోనే ఉంది.

అపోహ: విశాల కూటమి అంటే అందరికీ కుర్చీ వేయాలి.

వాస్తవం: వేయకూడదు. పక్కవారిని మనుషులుగా లెక్కచేయనివారికి కుర్చీ వేస్తే, ఆ పక్కవారు మాట్లాడకుండా లేచి వెళ్తారు. వారి వెంట ఇంకెందరు వెళ్లారో తర్వాతి ఊరేగింపు నాడు గానీ మనకు తెలియదు.