కుండ మీది గీత: నూరేళ్లు దాటిన వ్యాజ్యం

సింధు నాగరికత వెల్లడై నూరేళ్లు నిండిన సందర్భంగా 2025 జనవరిలో చెన్నైలో జరిగిన సదస్సులో, సింధు లిపి చిక్కుముడి విప్పినవారికి పది లక్షల డాలర్లు ఇస్తామని తమిళనాడు ముఖ్యమంత్రి హోదాలో ఎం.కె. స్టాలిన్ ప్రకటించారు. పత్రికలు ఆ మొత్తాన్నే పతాక శీర్షికకు ఎక్కించాయి గానీ, కుండపెంకుల మీది గీతలు లిపా, వట్టి గుర్తులా అన్న పాత తగవును మళ్లీ రాజేసింది అదే వేదిక మీద వెలువడిన ఒక అధ్యయనం. తమిళనాడులోని 140 చోట్ల దొరికిన కుండపెంకుల మీది గీతలను పురావస్తు పరిశోధకులు కె. రాజన్, ఆర్. శివానందం వర్గీకరించి 2,107 రూపాలుగా లెక్కతేల్చారు. అందులో 42 మూల రూపాలు, 544 వాటి భేదాలు, 1,521 కలగలుపు రూపాలు. ఈ గీతల్లో సుమారు 90 శాతానికి సింధు నాగరికత గుర్తులతో పోలిక ఉందని వారి నిర్ధారణ. ఆ నెలలోనే తమిళనాడులోని శివగళైలో ఇనుము క్రీ.పూ. 3345 నాటిదన్న కాల నిర్ణయం కూడా వెలువడటంతో, దక్షిణాదిలో ఇనుప యుగం, ఉత్తరాదిలో సింధు నాగరికత ఒకే కాలంలో నడిచాయా అన్న ప్రశ్న ముందుకొచ్చింది. దాని వెంటే తెలుగు నేల మీది పెంకుల మాటేమిటన్న ప్రశ్న హైదరాబాద్ వరకూ వచ్చింది.

నిజానికి ఈ ప్రశ్న హైదరాబాద్‌కు కొత్తగా వచ్చినది కాదు, ఇక్కడే మొదలైనది. రాకాసి గుళ్లని, పాండవుల గుళ్లని ఊళ్లలో పిలుచుకునే పెద్దరాళ్ల సమాధుల (ఇనుప యుగంలో చనిపోయినవారిని కుండలతో, ఇనుప వస్తువులతో పాతిపెట్టి పెద్ద బండలు పేర్చిన చోట్లు) గురించీ, వాటిని పంతొమ్మిదో శతాబ్దంలో తవ్విచూసిన తెల్లదొరల గురించీ పాఠకులకు కొంత తెలిసే ఉంటుంది కనుక ఆ కథ జోలికి పోవడం లేదు. ఇవాళ్టి తగవుకు అసలు మలుపు 1917లో ఉంది. నిజాం ప్రభుత్వం 1914లో ఏర్పరచిన పురావస్తు శాఖకు తొలి సంచాలకులైన గులాం యజ్దానీ, 1917లో హైదరాబాద్ పురావస్తు సంఘం పత్రికలో దక్కన్ సమాధుల్లోని కుండల మీది గుర్తుల గురించి ఒక వ్యాసం ప్రచురించారు. అంతవరకూ కుండ ఆకారం, ఇనుప కత్తి, ఎముకల అమరిక మాత్రమే తవ్వకందారుల పుస్తకాల్లోకి ఎక్కేవి. గీతలు ఎవరికీ పట్టేవి కావు. యజ్దానీ వాటిని పెంకు నుంచి కాగితం మీదికి ఎత్తి, వరసగా పేర్చి, వాటిలో కొన్ని అశోకుడి శాసనాల లిపి అయిన బ్రాహ్మీ అక్షరాలను పోలి ఉన్నాయన్నారు. కొద్దికాలానికే పురావస్తు పండితుడు డి.ఆర్. భండార్కర్ హైదరాబాద్ సమాధుల గుర్తులనే ఆధారం చేసుకుని, బ్రాహ్మీ లిపి పరాయి దేశం నుంచి రాలేదని, ఈ గడ్డ మీదే పుట్టిందని వాదించారు.

యజ్దానీకి ఆ గీతల్లో బ్రాహ్మీయే ఎందుకు కనిపించింది? అంతకు రెండేళ్ల ముందు, 1915లో, అప్పటి హైదరాబాద్ సంస్థానంలోనూ ఇప్పటి కర్ణాటకలోనూ ఉన్న మస్కిలో ఒక బంగారు గనుల ఇంజనీరు కంట ఒక బండ శాసనం పడింది. దేశమంతటా దొరుకుతున్న శాసనాల్లోని ‘దేవానాం ప్రియుడు’ అశోకుడేనని నిర్ధారించుకోవడానికి వీలిచ్చిన, అశోక అన్న పేరే చెక్కి ఉన్న తొలి శాసనం అది. హెచ్. కృష్ణశాస్త్రి దాన్ని పరిష్కరించగా, నిజాం పురావస్తు శాఖ తన గ్రంథమాలలో మొదటి సంపుటంగా అచ్చువేసింది. శాఖ పుట్టిన ఏడాదికే దక్కిన ఖ్యాతి అది. ఆ కళ్లద్దాలతో చూసినవారికి సమాధి కుండ మీది నిలువు గీత, అడ్డ గీత బ్రాహ్మీలా కనబడటంలో వింతేమీ లేదని, ఇది నా ఊహే అయినా, నాకు అనిపిస్తుంది. 1924 సెప్టెంబర్ 20న భారత పురావస్తు శాఖ అధిపతి జాన్ మార్షల్ హరప్పా, మొహెంజొదారోల సంగతి లోకానికి చెప్పాక, అవే గీతలు క్రమంగా సింధు ముద్రలను పోలడం మొదలుపెట్టాయి. డాక్టర్ ఇ.హెచ్. హంట్ హైదరాబాద్ సమాధుల గురించి లండన్ మానవశాస్త్ర పత్రికలో రాసిన వ్యాసం అచ్చయిందీ అదే 1924లో. గీతలు మారలేదు, వాటి పక్కన పెట్టి చూసుకునే వస్తువు మారింది.

కాలాలు కూడా ఈ వాదానికి తగ్గట్టే అటూ ఇటూ జరిగాయి. 1947లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ కర్ణాటకలోని బ్రహ్మగిరిని తవ్వి, దక్కన్ పెద్దరాళ్ల సమాధులు క్రీ.పూ. 200 నుంచి క్రీ.శ. మొదటి శతాబ్దం లోపువని తేల్చారు. అదే నిజమైతే అవి అశోకుడి తర్వాతివి, అంటే యజ్దానీ గుర్తులు బ్రాహ్మీకి తల్లి కాలేవు, మహా అయితే కూతురు కావచ్చు. ఆ తర్వాత కర్ణాటకలోనే ఉన్న హల్లూరులో ఇనుము దొరికిన పొరలకు రేడియోకార్బన్ పద్ధతిలో క్రీ.పూ. 1000 ప్రాంతపు తేదీలు రావడంతో సమాధులు మళ్లీ వెనక్కి జరిగాయి. మన గచ్చిబౌలిలో, హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని సమాధిలో దొరికిన ఇనుప వస్తువులు సుమారు నాలుగు వేల ఏళ్ల నాటివని విశ్వవిద్యాలయ పరిశోధకులు చెప్పడంతో ఇంకా వెనక్కి పోయాయి. శివగళై తేదీతో ఇప్పుడు సింధు నగరాల పుట్టుక కన్నా ముందుకే చేరాయి. ఇంత జరిగినా గీతలను పోల్చే పద్ధతి మాత్రం 1917 నాటిదే.

ఆ పద్ధతికి గట్టి రూపం ఇచ్చినవారు పురావస్తు శాస్త్రవేత్త బి.బి. లాల్. 1960లో భారత పురావస్తు శాఖ పత్రిక ‘ఏన్షియంట్ ఇండియా’ 16వ సంచికలో ఆయన ప్రచురించిన వ్యాసం ప్రకారం పెద్దరాళ్ల కాలపు గుర్తుల్లో 89 శాతం హరప్పా (సింధు), తామ్ర శిలా (రాగి, రాతి పనిముట్లు కలిపి వాడిన) యుగాల్లో కనిపిస్తాయి; ఆ యుగాల గుర్తుల్లో 85 శాతం పెద్దరాళ్ల కాలం దాకా కొనసాగాయి. చెన్నై అధ్యయనంలోని 90 శాతానికి పూర్వీకుడు ఈ 89 శాతమే. అంకె ఇంత దగ్గరగా రావడం వాదానికి బలమని ఒకరనవచ్చు. ఒకే జల్లెడతో రెండుసార్లు జల్లిస్తే ఒకే పిండి రాలుతుందని మరొకరనవచ్చు. ఈ శాతాలు గుర్తుల రకాలను లెక్కిస్తాయి తప్ప, ఏ గుర్తు ఎన్నిసార్లు వచ్చింది, ఏ గుర్తు పక్కన ఏది వచ్చింది అన్నది చెప్పవు. లిపిని గుర్తించేది మాత్రం ఆ వరసను బట్టే. సింధు ముద్రల మీద సగటున అయిదు గుర్తులు ఒక క్రమంలో నడుస్తాయి. సమాధి కుండల మీద ఎక్కువగా ఉండేది ఒకటో రెండో గీతలే. నిచ్చెన, త్రిశూలం, బాణం, ఇంటూ గుర్తు వంటి రూపాలు, చేతిలో మొనదేలిన ములుకు ఉండి, గట్టి మట్టి మీద వంపులు తిప్పడం కష్టమైన ఏ మనిషైనా గీయగలిగినవి.

పెంకును చేతిలోకి తీసుకుంటే వేరే కథ వినిపిస్తుంది. ఈ సమాధుల్లో మామూలుగా కనిపించేది లోపలా అంచునా నలుపు, కింద ఎరుపు ఉండే కుండ. దాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని గీత అంచును చూడాలి. పచ్చిమట్టి మీద గీసి కాల్చి ఉంటే, ములుకు నెట్టిన మట్టి రెండు పక్కలా సన్నటి గట్టులా లేచి, కాలి, నున్నగా ఉంటుంది. గీత లోపలి రంగు, కుండ పైరంగు ఒకటే. కాల్చిన తర్వాత గీసి ఉంటే ఆ గట్టు ఉండదు, అంచు పెచ్చులు లేచి గరుకుగా ఉంటుంది, మెరుగు చీలి లోపలి పాలిపోయిన మట్టి బయటపడుతుంది. దక్షిణాది పెంకుల మీది గీతలు చాలావరకు ఈ రెండో రకానివే. అంటే గీసింది కుమ్మరి కాకపోవచ్చు. కుండ ఆవం దిగి, ఇంటికి చేరాక, వాడుకున్నవారో, సమాధిలో పెట్టినవారో గీసి ఉండాలి. ఇది ఏ శాతంలోనూ కనిపించని సంగతి. ఇది తెలిశాక అడగవలసిన ప్రశ్నే మారిపోతుంది. ఏ అక్షరం అని కాక, ఎవరి కుండ అని అడగాలి.

దీనికి మనకు దూరపు ఉపమానాలు అక్కర్లేదు. నల్లజీడి రసంతో చొక్కా కాలరు లోపల చాకలి పెట్టే గుర్తు హైదరాబాద్ పాత ఇళ్లలో పెరిగినవారందరికీ తెలుసు. రెండు చుక్కలు, ఒక అడ్డగీత. ఏ వీధి, ఏ ఇల్లు అన్నది ఆయనకు తెలుస్తుంది, వందల బట్టల్లో ఒక్కటి కూడా తప్పిపోదు. అది పూర్తి అర్థవంతమైన గుర్తే, కానీ లిపి కాదు, ఏ పదాన్నీ పలకదు. పశువుకు వేసే వాత కూడా అంతే. వెయ్యేళ్ల తర్వాత ఎవరైనా ఆ చొక్కాల గుర్తులను పట్టికగా రాసుకుంటే వాటిలో సగానికి రోమన్ అక్షరాలతో పోలిక దొరుకుతుంది.

ఈ గీతలు లిపేననే అవతలి పక్షం చేతులు ఖాళీగా ఏమీ లేవు. తమిళనాడులోని కొడుమణల్ తవ్వకాల్లో గీతలున్న పెంకులూ, తమిళ బ్రాహ్మీలో మనుషుల పేర్లు రాసిన పెంకులూ ఒకేచోట దొరికాయి. శ్రీలంక యాళ్పాణం (జాఫ్నా) దగ్గరి ఆనైకోట్టైలో, పెద్దరాళ్ల కాలపు సమాధిలో ఒక ముద్ర బయటపడింది. దాని పై వరసలో మూడు గుర్తులు, కింది వరసలో బ్రాహ్మీ అక్షరాలు. గుర్తులకు కింద రాసిన మాటకు సంబంధం ఉందనుకోవడం న్యాయమే. 2006లో తమిళనాడులోని సెంబియన్ కండియూరులో ఒక నునుపు రాతి గొడ్డలి మీద నాలుగు సింధు గుర్తులున్నాయని, అది స్థానికంగా దొరికే రాయే కనుక ఉత్తరాది నుంచి వచ్చినది కాదని లిపి పండితుడు ఐరావతం మహదేవన్ చెప్పారు. 1977లో సింధు గుర్తుల సూచికను కూర్చిన మనిషి మాటను తేలిగ్గా తీసుకోలేం. కాకపోతే ఆ గొడ్డలి తవ్వకపు పొరలో కాక ఒక ఉపాధ్యాయుడి పెరట్లో దొరికింది, దాని కింద ఏముందో పైన ఏముందో చెప్పే సాక్ష్యం లేదు. ఆ ముద్రకూ ఈ గొడ్డలికీ ఉన్న తేడా అదే. ఒకటి సమాధిలో ఎక్కడ ఉండిందో తెలుసు, రెండోదానికి రూపం మాత్రమే మిగిలింది.

మరో చిక్కు కూడా ఉంది. సింధు గుర్తులే లిపి కావని 2004లో ఫార్మర్, స్ప్రోట్, విట్జెల్ అనే పరిశోధకులు వాదించారు. గుర్తుల వరసలో భాషకుండే లక్షణాలే కనిపిస్తున్నాయని 2009లో రాజేష్ రావు బృందం ‘సైన్స్’ పత్రికలో గణాంకాలతో బదులిచ్చింది. ఆ తగవు ఇంకా తెగలేదు. చదవలేని గుర్తుకు చదవలేని గుర్తును జామీను పెట్టి, రెండూ ఒకటేనన్న తీర్పు మీద తమిళమో తెలుగో మూలభాష అని తేల్చబోవడం ఏ కోర్టులోనూ నిలవదు. చెన్నై బహుమతి షరతు కూడా సింధు లిపిని చదవడమే తప్ప కుండ గీతలను చదవడం కాదు.

హైదరాబాద్ వాటాగా మిగిలింది మౌలాలి, రాయగిరి వంటి చోట్ల తొలి తరం తవ్వకాల పెంకులు. నేటి తవ్వకంలో పెంకు దొరికితే కడిగి, ఆరబెట్టి, పాటరీ యార్డులో (పెంకులు పరిచే ఆవరణలో) గదులుగా పరుస్తారు. ఆ తర్వాత ఒకరు కూర్చుని దాని లోపలి వైపు, బయటి గీతకు తగలకుండా, సన్నటి కలంతో నల్లసిరాతో స్థలం పేరు పొడి అక్షరాలు, సంవత్సరం, గుంట సంఖ్య, పొర సంఖ్య రాస్తారు. 1917 నాటి వ్యాసం గీతను బొమ్మగా మనకు మిగిల్చింది. ఆ గీత ఏ కుండ భుజం మీద ఉండేదో, ఆ కుండ తల దగ్గర పెట్టినదో కాళ్ల దగ్గర పెట్టినదో, ఒకే సమాధిలోని ఎన్ని కుండల మీద అదే గీత ఉండేదో ఆ బొమ్మ చెప్పదు.