అరవై అడుగుల లోతున రంగుల గడియారం

లండన్‌కు పడమటి అంచున అక్స్‌బ్రిడ్జ్ అనే ఊరుంది. అక్కడ 76 మెట్లు దిగితే నేల కింద ఒక గది. ఆ గది గోడకు ఒక గడియారం. దాన్ని చూడగానే అంకెల కంటే ముందు రంగులే కళ్లలో పడతాయి. ఐదు నిమిషాలకో ముక్క చొప్పున ముఖమంతా పన్నెండు ముక్కలు: ఎరుపు, పసుపు, నీలం, మళ్లీ ఎరుపు, పసుపు, నీలం. 1940 ఎండాకాలంలో బ్రిటన్ ఆకాశంలో జరిగిన యుద్ధం గురించి స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాల కథలు మనం చాలానే విన్నాం. నాకు మాత్రం ఆ యుద్ధం మొత్తంలో అన్నిటికంటే తెలివైన పనిముట్టు ఈ గడియారమేననిపిస్తుంది.

గడియారం ఎదురుగా పెద్ద బల్ల. దాని మీద ఇంగ్లండ్ ఆగ్నేయ భాగం, ఇంగ్లిష్ ఛానల్, అవతల ఫ్రాన్స్ తీరం గీసిన పటం. బల్ల చుట్టూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని నిలబడ్డ అమ్మాయిలు. మహిళా సహాయక వైమానిక దళంలో చేరిన వాళ్లలో చాలామందికి ఇరవై ఏళ్లు అటూ ఇటూ. ఫలానా గడిలో శత్రు విమానాలు కనబడ్డాయని చెవిలో మాట పడగానే ఆ చోటికి ఒక చిన్న బాణం గుర్తును పొడుగాటి కర్రతో నెడతారు. ఆ క్షణాన నిమిషాల ముల్లు ఏ రంగు ముక్క మీద ఉందో, బాణం కూడా ఆ రంగుదే. ముల్లు పసుపులోకి జరిగితే పసుపు బాణం, నీలంలోకి జరిగితే నీలం. మూడో రంగు వచ్చేసరికి మొదటి రంగు బాణాలను ఏరి తీసేస్తారు.

ఎందుకింత పట్టింపు? చిన్న లెక్క వేసి చూడండి. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో వచ్చే బాంబర్ నిమిషానికి 5 కిలోమీటర్లు జరుగుతుంది. అంటే బల్ల మీద ఒక రంగు మారేలోగా అది 25 కిలోమీటర్లు వచ్చేసింది. డోవర్ దగ్గర ఛానల్ వెడల్పు 33 కిలోమీటర్లే. దాన్ని దాటడానికి ఏడు నిమిషాలు కూడా పట్టదు. ఇవతల నేల మీదున్న ఫైటర్ విమానాలు లేచి, గుంపుగా కూడి, ఇరవై వేల అడుగుల ఎత్తుకు చేరడానికి పది నిమిషాలకు పైగానే కావాలి. కాబట్టి అన్నం పాచిపోయినట్టే ఇక్కడ కబురు పాచిపోతుంది. పాచిపోయిన కబురును తాజాది అనుకుని నమ్మితే, మన విమానాలు ఖాళీ ఆకాశంలోకి వెళ్తాయి, బాంబులు ఇంకెక్కడో పడతాయి. పై అంతస్తులో అద్దాల వెనక కూర్చున్న కంట్రోలర్ ఒక్కసారి కిందికి చూస్తే చాలు, ఏ కబురు ఎప్పటిదో ఎవరినీ అడగక్కర్లేకుండా తెలిసిపోవాలి. రంగులు చేసిన పని అదే.

ఈ బంకర్ కట్టడం 1939 ఫిబ్రవరిలో మొదలైంది. ఆగస్టు 25న పనిలోకి వచ్చింది. ఇంకో తొమ్మిది రోజులకు బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. బ్రిటిష్ వైమానిక దళంలో లండన్‌ను, ఆగ్నేయ ఇంగ్లండ్‌ను కాపాడాల్సిన 11వ గ్రూప్‌కు ఇదే ఆపరేషన్స్ రూమ్, అంటే పోరును నడిపే గది. గ్రూప్ అధిపతి కీత్ పార్క్ న్యూజీలాండ్ మనిషి, మొదటి ప్రపంచ యుద్ధంలో తానూ ఫైటర్ పైలట్. తన హరికేన్ ఫైటర్ విమానాన్ని తానే నడుపుకుంటూ విమానాశ్రయాలన్నీ తిరిగి, కుర్రాళ్లు ఎలా ఉన్నారో కళ్లారా చూసేవాడు.

ఇంతకీ బల్ల మీదికి ఆ కబురు ఎక్కడి నుంచి వచ్చేది? ఈ కథ ఒక వింత ప్రశ్నతో మొదలైంది. శత్రువును చంపే 'మృత్యుకిరణం' ఒకటి తయారు చేయగలమా అని బ్రిటిష్ విమానశాఖ రాబర్ట్ వాట్సన్-వాట్ అనే రేడియో శాస్త్రవేత్తను అడిగింది. ఆయన దాన్ని తన సహాయకుడు ఆర్నాల్డ్ విల్కిన్స్‌కు లెక్కగా మార్చి ఇచ్చాడు: ఎనిమిది పైంట్ల నీటిని ఐదు కిలోమీటర్ల దూరం నుంచి రేడియో తరంగాలతో 98 డిగ్రీల ఫారెన్‌హీట్ నుంచి 105 డిగ్రీలకు వేడి చేయాలంటే ఎంత శక్తి కావాలి? ఎనిమిది పైంట్లు అంటే ఒక మనిషి ఒంట్లోని రక్తమంత. విల్కిన్స్ ఇట్టే గ్రహించాడు. లెక్క కట్టి, కుదరని పని అని తేల్చాడు. అయితే విమానాలు దగ్గరగా ఎగిరినప్పుడు రేడియో సిగ్నల్‌లో తేడా వస్తోందని తపాలా శాఖ ఇంజనీర్లు గమనించిన సంగతి ఆయనకు గుర్తొచ్చింది. చంపడం కుదరదు కానీ కనిపెట్టడం కుదరొచ్చు కదా అన్నాడు. 1935 ఫిబ్రవరి 26న డావెంట్రీలోని బీబీసీ ప్రసార కేంద్రం దగ్గర ఒక హేఫోర్డ్ బాంబర్‌ను అటూ ఇటూ తిప్పి చూశారు. ఎనిమిది మైళ్ల దూరం దాకా దాని జాడ తెలిసింది.

నాలుగేళ్లు తిరిగేసరికి తూర్పు, దక్షిణ తీరాల వెంట 'చెయిన్ హోమ్' రాడార్ కేంద్రాలు లేచాయి. తరంగాలు పంపేవి 360 అడుగుల ఉక్కు స్తంభాలు, తిరిగొచ్చే ప్రతిధ్వనిని పట్టేవి 240 అడుగుల చెక్క స్తంభాలు. రేడియో తరంగం సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, వంద కిలోమీటర్ల దూరంలోని విమానాన్ని తాకి తిరిగి రావడానికి సెకనులో పదిహేను వందల వంతు సమయం చాలు. ఆ కాస్త ఆలస్యాన్ని తెర మీద గీతగా చూసి దూరం చెప్పేవారు. దూరం బాగానే కుదిరేది. దిక్కులో తప్పులు వచ్చేవి. గుంపులో ఎన్ని విమానాలున్నాయన్నది ప్రతిధ్వని ఆకారాన్ని చూసి, అనుభవం మీద చెప్పే అంచనా. పైగా ఈ రాడార్లు సముద్రం వైపే చూసేవి. విమానం తీరం దాటి లోపలికి వచ్చిందంటే ఇక దిక్కు అబ్జర్వర్ కోర్ స్వచ్ఛంద కార్యకర్తలే. పొలం గట్ల మీద, కొండల మీద బైనాక్యులర్లతో నిలబడి, ఫోన్లో కబురు చెప్పిన ఆ మనుషులకు దక్కాల్సినంత పేరు దక్కలేదని నా బాధ.

ఈ కబుర్లన్నీ నేరుగా అక్స్‌బ్రిడ్జ్ బల్ల మీద కుమ్మరిస్తే ఏమయ్యేది? ఒకే గుంపును మూడు కేంద్రాలు మూడు చోట్ల చూపించేవి. బల్ల నిండా దయ్యాలే. ఈ గ్రూపులన్నిటి పైనున్న ఫైటర్ కమాండ్ అధిపతి హ్యూ డౌడింగ్ గొప్పతనం ఇక్కడుంది. స్టాన్‌మోర్‌లోని బెంట్లీ ప్రయరీ ప్రధాన కేంద్రంలో ఆయన ఒక ఫిల్టర్ రూమ్ పెట్టించాడు. రాడార్ల కబుర్లు ముందు అక్కడికి చేరతాయి. పక్కపక్క కేంద్రాలు చెప్పిన దూరాలను పటం మీద వంపు గీతలుగా గీసి, అవి ఎక్కడ కలుస్తాయో చూసి, ఇది ఒకే గుంపు, ఇదిగో ఇక్కడుంది అని తేలుస్తారు. ఆ తేలిన మాటే అక్స్‌బ్రిడ్జ్ చెవిలో పడుతుంది. ఎంత సమాచారం పోగుచేశామన్నదాని కంటే ఎంత తీసి పారేశామన్నది ముఖ్యమని కంప్యూటర్లు లేని కాలంలోనే ఒక సంస్థ ఇంత స్పష్టంగా గ్రహించి నడుచుకుంది. రాడార్ ఒక యంత్రం మాత్రమే. దాన్ని ఆయుధంగా మార్చింది ఈ వడపోతే.

జర్మన్లకు ఆ స్తంభాలు కనబడుతూనే ఉన్నాయి. ఆగస్టు 12న ఐల్ ఆఫ్ వైట్ దీవి మీది వెంట్నర్ కేంద్రాన్ని బాంబులతో మూలపడేశారు కూడా. కానీ వెనకున్న వల వాళ్ల ఊహకు అందలేదు. బ్రిటిష్ ఫైటర్లు తమ తమ స్థావరాల రేడియోలకు కట్టుబడి ఉంటాయి కాబట్టి చురుగ్గా కదల్లేవని వాళ్ల గూఢచారి విభాగం అంచనా కట్టింది. సరిగ్గా ఆ కట్టుబాటే బలమని తెలుసుకోలేకపోయింది.

బల్లకు ఎదురు గోడంతా బల్బుల బోర్డు. 11వ గ్రూప్ కింద ఏడు సెక్టార్లు, అంటే ప్రాంతీయ విభాగాలు: టాంగ్‌మియర్, కెన్లీ, బిగ్గిన్ హిల్, హార్న్‌చర్చ్, నార్త్ వీల్డ్, డెబ్‌డెన్, నార్తోల్ట్. ఒక్కో స్క్వాడ్రన్‌కు, అంటే ఒక్కో విమాన దళానికి, ఒక్కో నిలువు వరస. అడుగున సిద్ధంగా ఉన్నవి, ఆ పైన గాల్లోకి లేచినవి, ఇంకా పైన శత్రువును చూసినవి, ఆపైన తిరిగి వస్తున్నవి. బల్బు పైకి పాకే కొద్దీ స్క్వాడ్రన్ పోరులోకి వెళ్తున్నట్టు. ఎవరిని లేపాలో అక్స్‌బ్రిడ్జ్ నిర్ణయిస్తుంది. లేచిన పైలట్లతో రేడియోలో మాట్లాడి, శత్రువు మీదికి నడిపించేది మాత్రం సెక్టార్ కంట్రోలర్. మన విమానం ఎక్కడుందో తెలియడానికి దాని రేడియో నిమిషానికి 14 సెకన్ల పాటు తనంతట తానే కూత పెట్టేది. మూడు చోట్ల నుంచి ఆ కూత వచ్చిన దిక్కును పట్టుకుంటే విమానం ఎక్కడుందో తెలుస్తుంది.

ఆ ఏడాది కెన్లీ వరసలో ఒక స్క్వాడ్రన్ సంఖ్య 253. ఆగస్టు చివర అక్కడికి హరికేన్లతో చేరిన ఆ దళం పేరులో హైదరాబాద్ ఉంది. నిజాం విరాళాల వల్ల 152, 253 స్క్వాడ్రన్‌లకు ఆ పేరు వచ్చింది. 152వ దళం బ్యాడ్జి మీద ఏకంగా నిజాం తలపాగానే ఉంటుంది. అక్స్‌బ్రిడ్జ్ గోడ మీద వెలిగి ఆరిన ఆ బల్బును తలుచుకుంటే నాకు తెలంగాణ పల్లెల్లో వసూలైన శిస్తు గుర్తొస్తుంది.

నేల కింద ఉండటం ఎంత విలువైనదో సెక్టార్లు చూపించాయి. వాటి ఆపరేషన్స్ గదులు విమానాశ్రయాల్లోనే, నేల మీదే ఉండేవి. ఆగస్టు 18న కెన్లీ మీద పెద్ద దాడి జరిగాక అక్కడి ఆపరేషన్స్ రూమ్‌ను దగ్గర్లోని కేటరమ్ అనే ఊళ్లో, ఒకప్పటి మాంసం కొట్టులోకి మార్చారు. గొర్రెలు వేలాడిన చోట టెలిఫోన్ వైర్లు, పటం, బల్ల. యుద్ధం అక్కడి నుంచే నడిచింది. బిగ్గిన్ హిల్‌లో చుట్టూ బాంబులు పడుతున్నా ఫోన్ వదలని ఎల్స్‌పెత్ హెండర్సన్, హెలెన్ టర్నర్‌లకు మిలిటరీ మెడల్ ఇచ్చారు.

ఆగస్టు 16న చర్చిల్ అక్స్‌బ్రిడ్జ్‌కు వచ్చాడు. ఒక దశలో గ్రూప్ స్క్వాడ్రన్‌లన్నీ పోరులో ఉన్నాయి. తిరిగి వెళ్తూ కారులో తనతో మాట్లాడొద్దన్నాడట, అంతగా కదిలిపోయాడు. ఇంతమంది ఇంత కొద్దిమందికి ఇంతగా రుణపడింది మునుపెన్నడూ లేదన్న మాట ఆ కారులో పుట్టింది. నాలుగు రోజులకు పార్లమెంటులో అన్నాడు. సెప్టెంబర్ 15 ఆదివారం భార్యతో కలిసి మళ్లీ వచ్చాడు. గాలి ఆడే యంత్రం పొగను తట్టుకోలేదని పార్క్ చెప్పడంతో చుట్ట వెలిగించకుండానే నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు. బల్ల మీద బాణాలు పెరిగాయి. బోర్డు మీద బల్బులు ఒక్కొక్కటే పైకి పాకాయి. అడుగు వరస మొత్తం ఖాళీ అయింది. మన దగ్గర ఇంకా ఏం మిగిలి ఉన్నాయని అడిగాడు. ఏమీ లేవన్నాడు పార్క్.

ఆ రాత్రి 185 జర్మన్ విమానాలు కూల్చామని ప్రకటించారు. నిజానికి కూలినవి దాదాపు 60. ఒకే విమానాన్ని ఇద్దరు ముగ్గురు కాల్చి, ఎవరికి వారు తమ ఖాతాలో వేసుకోవడం వల్ల వచ్చిన తేడా ఇది. లోపలికి వచ్చే కబురుకు అంత గట్టి వడపోత పెట్టిన వ్యవస్థ, బయటికి వెళ్లే లెక్కకు పెట్టుకోలేకపోయింది. అయినా ఆ అరవై చాలు. రెండు రోజులకు హిట్లర్ ఇంగ్లండ్ మీద దండయాత్రను వాయిదా వేశాడు.

గెలిచిన ఇద్దరికీ దక్కింది మాత్రం అన్యాయమేనని నా ఉద్దేశం. నవంబర్‌లో డౌడింగ్‌ను, డిసెంబర్‌లో పార్క్‌ను పదవుల నుంచి తప్పించారు. చిన్న చిన్న దళాలను వెంటవెంటనే పంపడం పార్క్ పద్ధతి. కాదు, చాలా స్క్వాడ్రన్‌లను ఒకచోట చేర్చి పెద్ద దెబ్బ కొట్టాలన్నది పొరుగున 12వ గ్రూప్ అధిపతి లీ-మాలొరీ వాదన. పార్క్ కుర్చీ ఆయనకే దక్కింది. 1941 జనవరిలో ఆయన అక్స్‌బ్రిడ్జ్‌లో ఒక అభ్యాసం నడిపించాడు. గడిచిన సెప్టెంబర్‌లో నిజంగా జరిగిన దాడినే మళ్లీ బల్ల మీద పేర్చారు, నిర్ణయాలు ఆయనవే. స్క్వాడ్రన్‌లను పోగుచేసే పనిలో ఉండగానే బాణాలు కెన్లీ, బిగ్గిన్ హిల్ మీదికి వచ్చేశాయి. విమానాలు ఇంకా నేల మీదే ఉన్నాయి.

1944 జూన్‌లో నార్మండీ తీరం మీద దిగిన సైన్యానికి గాల్లో కాపలాను కూడా ఈ గదిలోంచే నడిపారు. 1958లో ఆపరేషన్స్ రూమ్ మూతపడింది. తర్వాత బాగుచేసి 1985లో మ్యూజియంగా తెరిచారు. 76 మెట్లు దిగి వెళ్లినవాళ్లకు బల్ల మీద 1940 సెప్టెంబర్ 15 ఉదయం కనబడుతుంది. సమయం పదకొండున్నర. ఛానల్ మీద బాణాలు ఉత్తరం వైపు తిరిగి ఉంటాయి.