పూడిమడకకు దారి బీహెచ్‌పీవీ మీదుగా

అనకాపల్లి జిల్లా పూడిమడకలో తలపెట్టిన గ్రీన్ హైడ్రోజన్ హబ్‌లో, అంటే స్వచ్ఛ కరెంటుతో నీటినుంచి హైడ్రోజన్ తీసే కేంద్రంలో, ఉద్యోగాలు ఎవరికన్న మాట మళ్లీ రాజుకుంది. క్యాంపస్ ప్లేస్‌మెంట్ల కాలం వచ్చిందంటే విశాఖలో ఈ చర్చ లేవకుండా ఉండదు. రాష్ట్రం 2024 అక్టోబరులో తెచ్చిన సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానంలో 10 లక్షల కోట్ల రూపాయల పెట్టుబడులు, 7.5 లక్షల ఉద్యోగాలు అని రాసుకుంది. ఇటు చూస్తే కెమికల్, ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసిన పిల్లలు సాఫ్ట్‌వేర్ కోర్సు కోసం అమీర్‌పేట దారి పడుతున్నారు. అంకె తప్పని వాళ్లెవరూ అనడం లేదు. అందులో ఇంజనీరు చేసే పని ఎంత, శాస్త్రవేత్త చేసే పని ఎంత అని అడుగుతున్నారు.

పోర్టు ఎలా వచ్చింది, రిఫైనరీ ఎప్పుడు పెట్టారు, ఉక్కు కోసం ఎందరు ప్రాణాలిచ్చారు అన్నవి విశాఖ వాళ్లకు మళ్లీ చెప్పక్కర్లేదు. నా లెక్కలో అసలు మలుపు వేరేచోట ఉంది. గాజువాక వెళ్లే దారిలో, సంస్థ పేరు మారి పదేళ్లు దాటినా జనం నోట మాత్రం మారని బస్టాపు ఒకటుంది. బీహెచ్‌పీవీ.

భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసల్స్ 1966లో పుట్టింది. రిఫైనరీలకు, ఎరువుల కర్మాగారాలకు కావలసిన ప్రెషర్ వెసల్స్ (లోపలి ఒత్తిడిని తట్టుకునే ఉక్కు పాత్రలు), కాలమ్స్, హీట్ ఎక్స్చేంజర్లు అక్కడ తయారయ్యేవి. అతిశీతల ద్రవాలను నిలవచేసే క్రయోజెనిక్ ట్యాంకులూ, గాలిని గడ్డకట్టే చలికంటే ఎంతో దిగువకు చల్లార్చి ఆక్సిజన్నూ నైట్రోజన్నూ విడదీసే ప్లాంట్లూ చేసేవాళ్లు.

పూడిమడకలో రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్, దానినుంచి 7,500 టన్నుల అమ్మోనియా, మిథనాల్ వగైరా తీస్తామని హబ్ పెడుతున్న ఎన్టీపీసీ చెబుతోంది. నీటిని విడగొట్టే ఎలక్ట్రోలైజర్ ఇందులో కొత్త యంత్రం, నిజమే. కిలో హైడ్రోజన్‌కు 50 నుంచి 55 యూనిట్ల కరెంటు తింటుంది. అది దాటాక మిగతాదంతా పాత విద్యే. అమ్మోనియాకు నైట్రోజన్ కావాలి, దాన్ని గాలినుంచి విడదీయాలి. ద్రవ అమ్మోనియాను మైనస్ 33 డిగ్రీల దగ్గర ట్యాంకులో ఉంచాలి. హైడ్రోజన్ పరమాణువు ఉక్కులోకి దూరి దాన్ని పెళుసుబారుస్తుంది కాబట్టి ఏ ఉక్కు, ఎంత మందం, ఏ వెల్డింగ్ అని తేల్చే మనిషి కావాలి. ఇంత విద్యా ఒకే ప్రహరీ లోపల ఉన్న ఊరు మనది.

ఒక వెసల్ తయారవడం దగ్గరనుంచి చూస్తే ఈ విద్య అంటే ఏమిటో తెలుస్తుంది. మందపాటి ప్లేటును రోలింగ్ మెషీన్ గుండ్రంగా వంచుతుంది. రెండు అంచులు కలిసే చోట మొదటి వరస వెల్డింగ్ పడుతుంది, దాన్ని రూట్ రన్ అంటారు. లోపలినుంచి టార్చి వేసి ఇన్‌స్పెక్టరు ఆ గీతను వేలెడు వేలెడు చొప్పున చూస్తాడు. తర్వాత ఎక్స్‌రే ఫిల్ము. ఫిల్ములో సన్నటి నల్లచుక్క కనిపించినా చాలు, అంతమేరా గ్రైండింగ్‌తో తవ్వి మళ్లీ వెల్డింగ్ చేయాల్సిందే. చివరికి వెసల్ నిండా నీళ్లు నింపి, పనిచేసే ఒత్తిడికి మించి పెంచి, ఎక్కడైనా చెమ్మ తేలుతుందేమో చూస్తారు. డ్రాయింగ్ వేసిన ఇంజనీరు ఆ పూట షాపులో, అంటే ఆ పని జరిగే షెడ్డులో, నిలబడి ఉంటాడు. తప్పెక్కడ జరిగిందో వెల్డర్ చెబుతాడు, మరుసటి డ్రాయింగ్ మారుతుంది. ఇంజనీరు ఎదిగేది ఇలాగే. డిజైన్ ఒక ఊళ్లో, షాపు ఇంకో ఊళ్లో ఉంటే ఈ నేర్పు పట్టుబడదు.

1991 తర్వాత దిగుమతి సుంకాలు తగ్గాయి, పెద్ద ఆర్డర్లు అంతర్జాతీయ టెండర్లకు వెళ్లాయి. బీహెచ్‌పీవీ నష్టాల్లో పడింది, ఖాయిలా సంస్థల జాబితాకెక్కింది. 2008లో మరో ప్రభుత్వ రంగ సంస్థ భెల్ చేతికి వచ్చింది, 2013లో అందులో కలిసిపోయింది. పోటీకి తట్టుకోలేకపోయారు, గడువుకు సరుకు ఇవ్వలేకపోయారు అన్నది ఢిల్లీ వైపు వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆ షాపుల్లో పనిచేసినవాళ్ల మాట కూడా వినాలి. సంస్థ బతికింది, ఇప్పటికీ వెసల్స్ చేస్తోంది, అది సంతోషమే. అయితే ఆర్డర్ల కరువు సాగిన ఏళ్లలో కొత్త నియామకాలు సన్నగిల్లాయి. పాతవాళ్లు రిటైరయ్యారు, కొందరు గల్ఫ్ వెళ్లారు, ఇంకొందరు ప్రైవేటు కంపెనీల డిజైన్ ఆఫీసులకు పోయారు. పక్కన కూర్చుని నేర్చుకోవలసిన ఒక తరం కుర్రాళ్లు అసలు ఆ గేటే దాటలేదు. మిషన్లు మిగిలాయిగానీ గురుశిష్య సంబంధం తెగిపోయింది. నాకు అన్నిటికన్నా పెద్ద నష్టం ఇదే అనిపిస్తుంది.

సరిగ్గా ఆ విద్య పలచబడుతున్న కాలంలోనే స్వచ్ఛ ఇంధనం వచ్చింది. 2010లో జాతీయ సౌర మిషన్ మొదలైంది. వేలంలో ఎవరు తక్కువ ధరకు కరెంటు ఇస్తే వాళ్లకే ప్రాజెక్టు. 2017 మే నాటికి రాజస్థాన్ భడ్లాలో యూనిట్ ధర 2 రూపాయల 44 పైసలకు దిగింది. వినియోగదారుకు మేలే. కానీ అంత పలచని మార్జిన్‌లో పరిశోధనకు చోటెక్కడిది? ప్యానెళ్లలో ఎక్కువభాగం చైనానుంచి దిగాయి, బిగించడం మన వంతయింది.

విశాఖలో దీని రూపు చూడాలంటే పరవాడ వెళ్లాలి. అక్కడి ఎన్టీపీసీ సింహాద్రి థర్మల్ కేంద్రం రిజర్వాయరు మీద 75 ఎకరాల మేర, లక్షకు పైగా ప్యానెళ్లతో 25 మెగావాట్ల తేలియాడే సోలార్ ప్లాంటు 2021 ఆగస్టులో మొదలైంది. అంతకుముందు 2018లోనే ముడసర్లోవలో 2 మెగావాట్లది ఉంది. నీటిమట్టంతో పాటు లేస్తూ దిగుతూ, తుపాను గాలికి కొట్టుకుపోకుండా ఆ తెప్పలను పట్టి ఉంచడం చక్కని ఇంజనీరింగ్. హుద్‌హుద్‌ను చూసిన ఊళ్లో అది చిన్న విషయం కాదు. అయితే ప్లాంటు నడక మొదలయ్యాక అక్కడ మిగిలే పని ప్యానెళ్లు కడగడం, కేబుళ్లు చూడటం, ఇన్వర్టర్ల కాపలా. దానికి పట్టే మనుషులు కొద్దిమందే.

2021 డిసెంబరులో సింహాద్రిలోనే హైడ్రోజన్ మైక్రోగ్రిడ్ (తనంతట తాను నడిచే చిన్న కరెంటు వ్యవస్థ) పని అప్పగించారు. పగలు సోలార్ కరెంటుతో 240 కిలోవాట్ల ఎలక్ట్రోలైజర్ హైడ్రోజన్ తీస్తే, రాత్రి 50 కిలోవాట్ల ఫ్యూయెల్ సెల్ దాన్ని మళ్లీ కరెంటు చేయాలన్నది ఏర్పాటు. ప్రయోగం మన ఊళ్లో, మంచిదే. కానీ ఎన్టీపీసీ పరిశోధన కేంద్రం ఉన్నది గ్రేటర్ నోయిడాలో. మన రిఫైనరీలో ఏడాదికి 370 టన్నుల గ్రీన్ హైడ్రోజన్ ప్లాంటు పెట్టిన హెచ్‌పీసీఎల్ పరిశోధన కేంద్రం బెంగళూరులో. ఆంధ్రా యూనివర్సిటీలో ఎలక్ట్రోకెమిస్ట్రీ మీద పీహెచ్‌డీ చేసిన అమ్మాయి ఆ పనే చేస్తూ బతకాలంటే ఇల్లు వదిలి వెళ్లాల్సిందే.

2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ లెక్క చూడండి. మొత్తం 19,744 కోట్లు. ఉత్పత్తికి, ఎలక్ట్రోలైజర్ల తయారీకి ప్రోత్సాహకాలు 17,490 కోట్లు. పరిశోధనకు 400 కోట్లు. నూటికి రెండు రూపాయలు.

ఇక పూడిమడక. 2014 ప్రాంతంలో అక్కడ అనుకున్నది 4,000 మెగావాట్ల బొగ్గు కేంద్రం. అది కాగితాల మీదే ఆగింది. ఆ తర్వాత అక్కడే సుమారు 1,200 ఎకరాల్లో, 1.85 లక్షల కోట్ల పెట్టుబడి అంచనాతో హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరి 8న విశాఖనుంచి ప్రధాని శంకుస్థాపన చేశారు. పక్కనే సముద్రం మీద బతికే మత్స్యకార గ్రామం. వాళ్లు అడిగే ఉద్యోగాల సంగతి వేరే రాయాల్సినంత ఉంది.

స్థానికులకు 75 శాతం ఉద్యోగాలన్న 2019 చట్టాన్ని ఈ గొడవలో చాలామంది ముందుకు తెస్తున్నారు. అది లెక్కపెట్టేది తలలను. ఆ స్థానికుడు డిజైన్ టేబుల్ దగ్గర ఉన్నాడా, కాంట్రాక్టరు మస్టర్‌లో ఉన్నాడా అన్నది ఆ శాతంలో కనిపించదు. విభజన చట్టం పెట్రోలియం యూనివర్సిటీ ఇస్తామంది. 2016లో అది పేరులో ‘ఎనర్జీ’ కూడా చేర్చుకుని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెట్రోలియం అండ్ ఎనర్జీ (ఐఐపీఈ)గా ఆంధ్రా యూనివర్సిటీ ఆవరణలోనే మొదలైంది. సబ్బవరం మండలం వంగలిలో సొంత క్యాంపస్ కోసం ఏళ్లు పట్టాయి. ఆ పిల్లలకు హబ్‌లో ట్రైనీ ఉద్యోగాలు రావచ్చు. ల్యాబ్ వస్తుందా అన్నది నేను అడిగేది.

పూడిమడకలో హైడ్రోజన్ తీయడమే కాక కొత్త ఇంధన పరికరాల తయారీ యూనిట్లకూ చోటిస్తామని ప్రకటనల్లో ఉంది. ఆ ఒక్క వాక్యం మీదే పట్టుబట్టాలి. ఎలక్ట్రోలైజర్‌కు గుండెకాయ లాంటి స్టాక్‌ను పరీక్షించే బెంచి ఇక్కడ పెట్టాలి. ట్యాంకుల, వెసల్స్ డ్రాయింగులు ఇక్కడ వేయించాలి. బీహెచ్‌పీవీ ఆర్డర్లతో పెరిగిన ఆటోనగర్ షెడ్లలో ఎక్స్‌రేకు నిలిచే వెల్డింగ్ చేసే చేతులు ఇంకా ఉన్నాయి. వాళ్లలో చాలామందికి యాభై దాటింది.