రెయిడ్ మీద ఫైల్ సిస్టమ్: స్ట్రైప్ లెక్కల్లో అపోహలు - వాస్తవాలు

చాలా డిస్కుల్ని కలిపి ఒకే పెద్ద డిస్కులా వాడడమే రెయిడ్, అలా కలిపినదే అర్రే. ఎనిమిది డిస్కులతో రెయిడ్ 6 (రెండు డిస్కులు పోయినా డేటా నిలిచే రకం) కట్టారనుకుందాం, చంక్ (ఒక్కో డిస్కు మీద వరసగా పడే ముక్క) 64 కేబీ. పారిటీకి (పోయిన డేటాని తిరిగి లెక్కకట్టడానికి దాచే అదనపు సమాచారానికి) రెండు డిస్కులంత చోటు పోతే డేటాకి మిగిలేది ఆరు, అంటే ఒక నిండు స్ట్రైప్ (డేటా డిస్కులన్నిటి మీదా ఒక్కో చంక్ చొప్పున పడే వరస) 384 కేబీ. కింద చాలావరకు ఈ సెటప్‌తోనే చెప్తాను, మీది వేరే అయితే అంకెలు మార్చుకోండి.

అపోహ: స్ట్రైప్ విడ్త్ అంటే చంక్‌ని మొత్తం డిస్కులతో గుణించడమే.

వాస్తవం: పారిటీ తీసేసి గుణించాలి. ఎనిమిదితో గుణిస్తే 512 కేబీ వస్తుంది, చూడ్డానికి చక్కగా గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, అదే దీంతో తంటా. ఇక కొలతల గోల వేరు, లైనక్స్‌లో వాడే ఈఎక్స్‌టీ4, ఎక్స్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లు (డిస్కు మీద ఏ ఫైలు ఎక్కడ ఉండాలో చూసుకునేవి) ఒక్కోటి ఒక్కోలా అడుగుతాయి. ఈఎక్స్‌టీ4కి 4 కేబీ బ్లాకుల్లో చెప్పాలి: స్ట్రైడ్ (ఒక చంక్‌లో పట్టే బ్లాకులు) 16, స్ట్రైప్ విడ్త్ 96. ఎక్స్ఎఫ్ఎస్ ఫార్మాట్ చేసేటప్పుడు ఎస్‌యూ (చంక్ సైజు) 64k, ఎస్‌డబ్ల్యూ (డేటా డిస్కులెన్నో) 6 అని ఇస్తే చాలు. కానీ అదే మౌంట్ ఆప్షన్‌గా ఇస్తే 512 బైట్ల సెక్టార్లలో, అంటే ఎస్‌యూనిట్ 128, ఎస్‌విడ్త్ 768. తర్వాత ఎక్స్ఎఫ్ఎస్ ఇన్ఫో కమాండ్ కొట్టి చూస్తే అక్కడ 16, 96 అని ఉంటుంది, ఎందుకంటే అది మళ్లీ బ్లాకుల్లో చూపిస్తుంది. కంగారుపడి మార్చేయకండి.

అపోహ: అలైన్‌మెంట్ (ఫైల్ సిస్టమ్ రైట్లు స్ట్రైప్ హద్దులకి సరిపడేలా పెట్టడం) సరిచేస్తే అన్ని పనులూ వేగంగా అవుతాయి.

వాస్తవం: లాభం ప్రధానంగా పారిటీ ఉన్న రెయిడ్ మీద, పెద్ద పెద్ద రైట్లు వరసగా పడేచోట. స్ట్రైప్ మొత్తం ఒకేసారి రాస్తే పారిటీని మెమరీలోనే లెక్కకట్టి రాసేయొచ్చు, డిస్కు నుంచి ఏమీ చదవక్కర్లేదు. అదే స్ట్రైప్‌లో ఒక చిన్న ముక్క మాత్రమే మారిస్తే పాత డేటా, పాత పారిటీలు చదివి, కొత్తవి లెక్కకట్టి, మళ్లీ రాయాలి: రెయిడ్ 5లో (ఒక డిస్కంత పారిటీ ఉన్న రకం) నాలుగు ఐఓలు (చదవడాలు, రాయడాలు కలిపి), రెయిడ్ 6లో ఆరు. ఫైల్ సిస్టమ్ చేయగలిగిందల్లా డిలేడ్ అలొకేషన్‌తో రైట్లని కాసేపు ఆపి, పోగుచేసి, స్ట్రైప్ హద్దు దగ్గర మొదలయ్యే చోటు వెతికి ఇవ్వడం. డేటాబేస్ ఏమో చిన్న రైట్ చేసిన ప్రతిసారీ ఎఫ్‌సింక్ (ఇప్పుడే డిస్కుకి రాసేయమనే ఆదేశం) అంటుంటే పోగుచేసే అవకాశమెక్కడిది? అక్కడ రెయిడ్ 10 (పారిటీ బదులు నకలు ఉంచే రకం), లేదా బ్యాటరీ ఉన్న రైట్-బ్యాక్ క్యాష్ (రైట్లని ముందు తన మెమరీలో ఉంచుకుని తర్వాత డిస్కుకి పంపేది) గురించి ఆలోచించండి, స్ట్రైప్ విడ్త్ గురించి కాదు.

అపోహ: పార్టిషన్ 1 ఎంబీ దగ్గర మొదలైతే అలైన్‌మెంట్ అయిపోయినట్టే.

వాస్తవం: 63వ సెక్టార్ దగ్గర మొదలుపెట్టే పాత పద్ధతితో పోలిస్తే ఎంతో నయం, చంక్ హద్దుకి సరిపోతుంది. కానీ 1024ని 384 నిశ్శేషంగా భాగించదు. డేటా డిస్కులు మూడో ఐదో ఆరో ఉన్నప్పుడు నిండు స్ట్రైప్ హద్దు వేరేచోట పడుతుంది, ఫైల్ సిస్టమ్ మాత్రం తన మొదటి బ్లాకే హద్దు అనుకుని లెక్కలు వేస్తుంది. నన్నడిగితే పార్టిషన్ లేకుండా నేరుగా అర్రే మీదే ఫైల్ సిస్టమ్ వేసేయడం సుఖం.

అపోహ: ఈ అంకెలన్నీ డేటా కోసమే.

వాస్తవం: మెటాడేటా (ఫైళ్ల గురించి ఫైల్ సిస్టమ్ రాసుకునే లెక్కలు) కోసం కూడా. నాలుగు డిస్కుల రెయిడ్ 0 (పారిటీ లేని రకం), అదే 64 కేబీ చంక్ తీసుకోండి. ఈఎక్స్‌టీ కుటుంబంలో 4 కేబీ బ్లాకులైతే ఒక బ్లాక్ గ్రూప్ (ఫైల్ సిస్టమ్ తన చోటుని విభజించుకునే భాగం) 128 ఎంబీ, అది 256 కేబీ స్ట్రైప్‌కి సరిగ్గా 512 రెట్లు. ఫలితం, ప్రతి గ్రూపూ ఒకే డిస్కు మీద మొదలవుతుంది, ఏ బ్లాకు ఖాళీయో చూపే బిట్‌మ్యాపులన్నీ అక్కడే పోగుపడితే ఆ డిస్కు ఒక్కటే రొప్పుతూ ఉంటుంది. స్ట్రైడ్ పుట్టింది ఈ బాధ తప్పించడానికే. ఎక్స్ఎఫ్ఎస్ అలొకేషన్ గ్రూపులకీ ఇదే తలనొప్పి, కాకపోతే ఫార్మాట్ చేసేటప్పుడు గ్రూప్ సైజు స్ట్రైప్ విడ్త్‌కి గుణిజం కాకుండా అదే సర్దుకుంటుంది. సైజు మీరే చేత్తో ఇస్తే హెచ్చరిస్తుంది, ఆ హెచ్చరికని చదవకుండా దాటేయొద్దు.

అపోహ: చిన్న ఫైళ్లు ఒక్కోటి ఒక చంక్ తినేస్తాయి.

వాస్తవం: తినవు. ఎక్స్ఎఫ్ఎస్ సంగతే చూస్తే ఫైలు స్ట్రైప్ యూనిట్ అంత పెరిగాకే స్ట్రైప్ హద్దులకి సర్దే పని మొదలవుతుంది.

అపోహ: ఒకసారి పెడితే ఇక చూసుకోనక్కర్లేదు.

వాస్తవం: ఇంకో డిస్కు కలిపి అర్రేని పెంచారా, డేటా డిస్కులు ఏడయ్యాయి, ఫైల్ సిస్టమ్ ఇంకా ఆరు అనుకుంటూనే ఉంటుంది. ఈఎక్స్‌టీ4కి ట్యూన్2ఎఫ్ఎస్ కమాండ్‌తో, ఎక్స్ఎఫ్ఎస్‌కి మౌంట్ ఆప్షన్లతో కొత్త విడ్త్ చెప్పొచ్చు, కానీ అప్పటికే రాసిన ఫైళ్లు ఉన్నచోటే ఉంటాయి. డిస్కు నిండిపోవచ్చినా అంతే: ఖాళీ స్థలం ముక్కలైపోయాక హద్దు దగ్గర మొదలయ్యే చోటు దొరక్కపోతే అలొకేటర్ (ఫైళ్లకి చోటు కేటాయించే భాగం) దొరికినచోట పెట్టేస్తుంది. అలైన్‌మెంట్ దానికి ఒక సూచనే, ఆజ్ఞ కాదు.

సరిగ్గా కుదిరిందో లేదో తెలియాలంటే ముందు అర్రే చెప్పే మినిమమ్ ఐఓ సైజు 65536, ఆప్టిమల్ ఐఓ సైజు 393216 ఉన్నాయా చూడండి. వర్చువల్ మెషిన్ లోపల ఉంటే ఈ సమాచారం చాలాసార్లు అందదు, మీరే ఇవ్వాలి. తర్వాత ఒక పెద్ద ఫైల్ వరసగా రాయిస్తూ ఐఓస్టాట్ అనే కమాండ్‌లో (డిస్కుల మీద రీడ్లు, రైట్లు చూపేది) అర్రేలోని ఒక్కో డిస్కునీ గమనించండి. వేరే పనేమీ నడవకుండా, ఉత్త రైట్లే జరుగుతున్నప్పుడు అక్కడ రీడ్లు ఆగకుండా కనిపిస్తున్నాయంటే మీ స్ట్రైపులు సగం సగమే నిండుతున్నాయి.