బ్యాంకాక్‌లో ఒంటరిగా ఒక రోజు: అపోహలు - వాస్తవాలు

ఒంటరిగా బ్యాంకాక్ వెళ్లే తెలుగువారికి రోజువారీ ప్రయాణ ప్రణాళికలు వేసి ఇవ్వడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది ఆ నగరం గురించి కొన్ని అభిప్రాయాలను ముందే స్థిరపరచుకుని వస్తారు. ఉన్నది ఒక్క రోజే అయినప్పుడు ఆ అభిప్రాయాలు రోజంతటినీ పాడుచేయగలవు కాబట్టి, తరచుగా వినిపించేవాటిని ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: పాత నగరం ఒక మూల, కొత్త నగరం మరో మూల ఉంటాయి. ట్యాక్సీ మాట్లాడుకుని ఉదయం ఆలయాలు, సాయంత్రం మాల్స్ చూస్తే సరిపోతుంది.

వాస్తవం: నేను అన్నిటికంటే ఎక్కువగా దిద్దవలసి వచ్చే అభిప్రాయం ఇదే. మొదటి రామ రాజు 1782లో చావో ఫ్రయా నది తూర్పు ఒడ్డున రాజధానిని స్థాపించిన తరువాత ఈ నగరం కాలువల వెంబడి పెరిగింది. అందువల్ల ఇక్కడ పాతకొత్తలు పక్కపక్కనే, చాలాచోట్ల ఒకే కాలువ గట్టున ఉంటాయి. ఆ సంగతి ట్యాక్సీ కిటికీలోంచి తెలియదు. సేన్ సేప్ కాలువ పడవ ఎక్కితే తెలుస్తుంది. మూడవ రామ రాజు కాలంలో, 1837-1840 మధ్య తవ్విన ఈ కాలువలో ఇప్పుడు ఉద్యోగులు, విద్యార్థులు రోజూ ప్రయాణిస్తారు. టికెట్లు ఇచ్చే మనిషి హెల్మెట్ పెట్టుకుని, పడవ లోపల కాకుండా అంచు మీద తాడు పట్టుకుని నడుస్తాడు. ఎదురుగా మరో పడవ వచ్చినప్పుడు అంచున కూర్చున్నవారు తాడు లాగితే పక్కనున్న ప్లాస్టిక్ పట్టా పైకి లేచి, నీళ్లు మీద పడకుండా ఆపుతుంది. అంచున కూర్చుంటే ఆ పని మీదే.

హువా చాంగ్ రేవులో దిగి కొద్ది నిమిషాలు నడిస్తే జిమ్ థాంప్సన్ ఇల్లు వస్తుంది. థాయ్ పట్టును విదేశాల్లో ప్రసిద్ధం చేసి, 1967లో మలేసియాలోని కామెరన్ హైలాండ్స్‌లో కనిపించకుండా పోయిన అమెరికన్ వ్యాపారి ఆయన. అందరూ టికెట్టు కొని ఆ టేకు ఇంటిని చూసి వెనుదిరుగుతారు. ఆ పట్టును నేసిన చామ్ జాతి ముస్లింల పేట బాన్ క్రువా మాత్రం కాలువ అవతలి ఒడ్డునే ఉంది. ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవలేని సందులు, గుమ్మాల ముందు పూలకుండీలు, మసీదు, వేళ్ల మీద లెక్కపెట్టదగిన మగ్గాలు అక్కడ కనిపిస్తాయి. తమ ఇళ్ల మీదుగా ఎక్స్‌ప్రెస్ రహదారి శాఖ వేయాలన్న ప్రయత్నాన్ని ఆ పేటవారు ఏళ్ల తరబడి పోరాడి అడ్డుకున్నారు. పోచంపల్లి వీధుల్లో మగ్గం చప్పుడు విన్నవారు ఇక్కడ కాసేపైనా ఆగాలని నా కోరిక. అక్కడి నుంచి పావుగంట నడిస్తే సియామ్ ప్రాంతంలోని మాల్స్ చల్లదనంలోకి అడుగుపెడతారు.

అపోహ: బ్యాంకాక్ అంటే షాపింగ్, రాత్రి వినోదం, మన సంస్కృతికి అక్కడ సంబంధం ఏమీ లేదు.

వాస్తవం: ఆ నగరాన్ని అక్కడివారు క్రుంగ్ థెప్ అంటారు, అంటే దేవతల నగరం. దాని పూర్తి పేరులో అమర, రత్న, మహేంద్ర, అయోధ్య, రాజధాని, విశ్వకర్మ అనే మాటలన్నీ థాయ్ ఉచ్చారణలో ఒదిగి ఉన్నాయి. వాట్ అరుణ్ ఆలయం పేరు సూర్యుని సారథి అరుణుడిది. దూరం నుంచి తెల్లగా కనిపించే ఆ గోపురం దగ్గరికి వెళ్తే, చైనా పింగాణీ పళ్లేల ముక్కలను రేకులుగా అతికించిన పూలు కనిపిస్తాయి. ఎరవాన్ అంటే ఐరావతం. ఆ పేరు గల మందిరంలో 1956లో ప్రతిష్ఠించిన నాలుగు ముఖాల బ్రహ్మకు జనం బంతిపూల దండలు వేస్తుంటే, దగ్గరలోనే ఎత్తైన వంతెన మీద స్కైట్రైన్ దూసుకుపోతుంది. పాత నగరంలో ఎర్రటి ఊయల స్తంభాల దగ్గర 1784లో కట్టిన బ్రాహ్మణ ఆలయం ఉంది. అక్కడ ఏటా జరిగే ఉత్సవానికి త్రియంపవాయ్-త్రిపవాయ్ అని పేరు. తిరువెంపావై, తిరుప్పావై అనే తమిళ భక్తి గీతాల పేర్లే అలా మారాయి. ధనుర్మాసంలో తిరుప్పావై పాడుకునే ఇంటి నుంచి వెళ్లినవారిని ఆ ఆలయానికి పంపకుండా నేను ప్రణాళిక పూర్తి చేయను.

అపోహ: దారిలో పలకరించి సాయం చేసే స్థానికుడి మాట నమ్మవచ్చు.

వాస్తవం: చాలాసార్లు నమ్మవచ్చు. అయితే రాజప్రాసాదం చుట్టుపక్కల "ఈరోజు ప్యాలెస్ మూసేశారు, తక్కువ డబ్బుకు టుక్‌టుక్‌లో వేరే ఆలయాలు చూపిస్తాను" అని చెప్పే వ్యక్తిని మాత్రం నమ్మకండి. ఆ బండి చివరికి రత్నాల దుకాణం ముందో, దర్జీ దుకాణం ముందో ఆగుతుంది. నేను ప్రణాళిక వేసి ఇచ్చిన ఒక యువకుడు ఇలాగే సగం రోజు పోగొట్టుకుని, వాట్ ఫో ఆలయంలోని 46 మీటర్ల శయన బుద్ధుణ్ణి చూడకుండానే తిరిగివచ్చాడు. అప్పటి నుంచి ఈ హెచ్చరికను ప్రణాళికలో మొదటి వాక్యంగా రాస్తున్నాను. తెరిచారో లేదో ద్వారం దాకా నడిచి మీరే చూసుకోండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు లేకపోతే మాత్రం ద్వారం దగ్గర నిజంగానే ఆపుతారు.

అపోహ: శాకాహారి ఒంటరిగా వెళ్తే పళ్లతో కడుపు నింపుకోవాల్సిందే.

వాస్తవం: కూరగాయల వంటకంలో కూడా చేపల రసం పోయడం అక్కడ మామూలు కాబట్టి ఈ భయానికి కారణం ఉంది. కానీ పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో "జే" అని రాసిన బండ్లు, చిన్న హోటళ్లు ఉంటాయి. జే వంటలో మాంసం, చేప, గుడ్డు, పాలు ఉండవు. మన పూజనాటి వంటలాగే ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. చైనీయుల పేట యావరాత్‌లో ఇవి సులభంగా దొరుకుతాయి. మెట్రోలో వాట్ మంగ్‌కోన్ స్టేషన్‌లో దిగి, చీకటి పడే వేళకు వీధిలోకి రండి. సాయంత్రం ఆరింటికి బహిరంగ స్థలాల్లో జాతీయగీతం వినిపిస్తే, చుట్టూ ఉన్నవారు నిలబడిపోయినట్లే మీరూ ఆగి నిలబడండి. అది పూర్తయ్యాక పసుపు జెండా వెతుక్కోండి.